గురువారానికి ఒక పాఠం కావాలి

నర్సాపురం దగ్గర ఒక ఊరి నుంచి 43 ఏళ్ల గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. భర్త ఆర్టీసీ డ్రైవరు, కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. మధ్యాహ్నాలు లేసు అల్లుతారు. వాళ్ల చర్చి సంఘంలో గురువారం జరిగే స్త్రీల కూడికలో పది నిమిషాలు వాక్యం, అంటే బైబిలు పాఠం, చెప్పే బాధ్యత రెండేళ్లుగా ఈమెదే. పాతిక మంది దాకా వస్తారు. బైబిలు కాలేజీలో చదివిన మనిషి కాదు కాబట్టి ఇంట్లో రోజూ కంటపడేవాటి నుంచే చెబుతూ వచ్చారు. పులిసిన పిండి, ఉప్పు, కరెంటు పోయిన రాత్రి వెలిగించిన కొవ్వొత్తి. మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. ఫోన్లో రికార్డు చేసి పక్క ఊళ్ల వాళ్లకూ పంపేవారు.

ఈమధ్య మూడు చోట్ల దెబ్బ తగిలింది. జూన్‌లో ఈమె తోడికోడలికి ఐదో నెల నిండాక గర్భం పోయింది. జూలైలో ఒక గురువారం ఈమె, "మా ఇంట్లోనే ఒక సహోదరి ప్రార్థనను వాయిదా వేస్తూ వచ్చింది, దేవుడు ఆమెకు ఓర్పు నేర్పించాడు" అన్నారు. పేరు చెప్పలేదు, కానీ ఎవరో అందరికీ తెలుసు. పక్క వాటాలోనే ఉండే ఆ అమ్మాయి ఇప్పుడు గుమ్మంలో ఎదురైనా తల తిప్పుకుంటోంది. ఆ తర్వాత ఒక వారం, పక్షిరాజు, అంటే డేగ, నలభయ్యో ఏట కొండెక్కి ముక్కును రాతికి కొట్టుకుని, ఈకలు పీకేసుకుని మళ్లీ యౌవనం పొందుతుందని చెబితే, కూడికకు వచ్చిన ఒక టీచరు "అది నిజం కాదండీ" అని అందరి ముందూ అనేశారు. ఇక కొడుకు. పాలు పొంగినా, బండి పంక్చరైనా అమ్మ ఏదో ఒకటి చెబుతుందని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే అన్నం తింటున్నాడు. ఉత్తరం చివర ఈమె రాసిన మాట ఇది: "పిండి రుబ్బుతుంటే గురువారం గుర్తొస్తోంది, దేవుడు గుర్తు రావడం లేదు. ఇలా వెతకడమే తప్పా? మానెయ్యనా?"

వెతకడం తప్పు కాదండీ. యేసు చెప్పిన ఉపమానాల్లో చాలావాటిలో ఉన్నది మీ ఇంట్లో సామానే. పిండి, ఉప్పు, దీపం, చీపురు, పాత బట్టకు వేసే మాసిక. గుర్తొచ్చింది గురువారం అని మీరే రాశారు చూడండి, చిక్కంతా అక్కడుంది. పాఠం ముందే సిద్ధమైపోతోంది, దాన్ని తగిలించడానికి ఏదో ఒక వస్తువు కావాలి. అలాంటప్పుడు వస్తువును సరిగ్గా చూసే తీరిక ఉండదు. డేగను చూడకుండానే డేగ గురించి చెప్పేస్తాం. తోడికోడలి ముఖం చూడకుండానే ఆమె కడుపుకోతకు అర్థం చెప్పేస్తాం. మూడు దెబ్బలూ ఈ తొందర నుంచే వచ్చాయి.

ముందు తోడికోడలి సంగతి, మిగతావి ఆగినా అది ఆగకూడదు.

మీ జూలై మాటలో రెండు తప్పులున్నాయి. ఆమె బాధను ఆమెను అడక్కుండా పాతిక మందిలో చెప్పడం ఒకటి. దేవుడు దాన్ని ఎందుకు జరిగించాడో మీకు తెలిసినట్టు చెప్పడం రెండోది. రెండోదే పెద్దది. లూకా 13వ అధ్యాయం తీయండి. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయారు. వాళ్లు మిగతావాళ్లకంటే పాపులనుకుంటున్నారా అని యేసే అడిగి, కాదని తనే చెప్పాడు. ఆ సంఘటనను చచ్చినవాళ్ల మీద తీర్పుగా వాడనివ్వకుండా, వింటున్నవాళ్ల వైపు తిప్పాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులడిగినప్పుడూ అంతే, యోహాను 9లో. కష్టాల్లో పడ్డ యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు నోరెత్తకుండా నేల మీద కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు. కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే దేవునికి కోపం వచ్చింది. వైద్యం వైపు నుంచి చూసినా, ఐదో నెలలో గర్భం పోవడానికి గర్భాశయ ముఖద్వారం బలహీనంగా ఉండటం, ఇన్ఫెక్షను, బిడ్డ ఎదుగుదలలో లోపం, ఇలా ఎన్నో కారణాలుంటాయి. ఒక్కోసారి డాక్టర్లకూ అంతుపట్టదు. ప్రార్థన వాయిదా వేయడం ఆ జాబితాలో లేదు.

క్షమాపణ అడగడానికి ఒక్కరే వెళ్లండి. అత్తగారినో పాస్టరు గారినో వెంటబెట్టుకుని వెళితే అది పంచాయితీ అవుతుంది, ఆ అమ్మాయి ఒప్పుకోక తప్పని పరిస్థితి వస్తుంది. గురువారం వద్దు, ఆదివారం వద్దు. పక్క వాటాయే కదా అని చొరవగా లోపలికి వెళ్లిపోవద్దు. "నీతో పది నిమిషాలు మాట్లాడాలి చెల్లీ, నీకు ఎప్పుడు వీలైతే అప్పుడే" అని ముందు ఒక మెసేజ్ పెట్టండి. జవాబు రాకపోతే మూడు నాలుగు వారాలు ఆగి ఇంకొక్కసారి అడగండి, అంతే. వెళ్లాక చెప్పాల్సింది కొంచెమే: "నీ బాధ నేను నలుగురిలో చెప్పాను, నిన్ను అడగలేదు. దేవుడు నీకు ఏదో నేర్పించాడని అన్నాను, అలా అనే హక్కు నాకు లేదు. నాది తప్పు." ఇక్కడ ఆగాలి. "నా ఉద్దేశం అది కాదు" అన్న మాట మొదలైతే, ఇప్పుడు ఆమె మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. వాక్యం ఎత్తొద్దు. ఆమె అడిగితే తప్ప ప్రార్థన చేస్తానని కూడా అనొద్దు. "క్షమించావా" అని జవాబు కోసం ఎదురు చూడొద్దు. ఏడిస్తే కూర్చోండి. తిడితే వినండి.

ఆ తర్వాత కూడికలో కూడా సరిదిద్దాలా? ఇది మీరొక్కరే తేల్చుకునే విషయం కాదు, ఆమెను అడగాలి. సరిదిద్దితే, మీ మాట నమ్మి ఆమెను ఒకలా చూస్తున్న ఆడవాళ్లకు అది తప్పని తెలుస్తుంది. కానీ ఆమె విషయం మరోసారి అందరి నోళ్లలో పడుతుంది. ఆమె వద్దంటే ఊరుకోండి. సరేనంటే, "జూలైలో ఒకరి కష్టానికి కారణం నాకు తెలిసినట్టు మాట్లాడాను, అది తప్పు" అని రెండు ముక్కల్లో ముగించండి. దాన్నే మళ్లీ ఆ వారం పాఠంగా మలచకండి, ఆ ఆశ కలుగుతుంది. ఇంకొకటి, మీ ఉత్తరంలో రికార్డింగుల మాట ఉంది. జూలై రికార్డింగు బయటికి వెళ్లిందేమో పంపేవాళ్లను అడిగి తెలుసుకోండి. వెళ్లి ఉంటే తీసెయ్యమనండి. ఎక్కడెక్కడికి చేరిందో తోడికోడలికి దాచకుండా చెప్పండి, బయటి నుంచి తెలిస్తే ఇంకా కష్టం.

ఇకముందు ఎవరి సంగతి చెప్పొచ్చు, ఎవరిది చెప్పకూడదు అన్న సందేహం వస్తే నాతాను ప్రవక్తను గుర్తు తెచ్చుకోండి. దావీదు రాజు ఊరియా భార్యను తీసుకుని అతణ్ణి చంపించినదాన్ని ఎత్తి చూపాల్సి వచ్చినప్పుడు ఊరియా ఇంటి గుట్టు ఊరందరి ముందూ పెట్టలేదు. పేదవాడి గొఱ్ఱెపిల్ల కథ ఒకటి అల్లి, చెప్పాల్సినవాడికే చెప్పాడు. మీ కష్టం మీరు చెప్పొచ్చు. ఇంకొకరిది వాళ్లు సరే అంటేనే, వాళ్లు కూడికలో లేనప్పుడు కూడా.

డేగ విషయానికి వస్తే, ఆ టీచరుకు థాంక్స్ చెప్పండి. ఆ కథ మన సంఘాల్లో చాలాకాలంగా తిరుగుతోంది, మీరొక్కరే మోసపోలేదు. పక్షి ముక్కు మన గోళ్లలాగే పైపొర అరుగుతూ పెరుగుతూ ఉంటుంది. ముక్కు విరగ్గొట్టుకున్న డేగ తిండి లేక చచ్చిపోతుంది. ఈకలు ఒక్కసారిగా పీకేసుకోవడం ఉండదు. కొన్ని కొన్ని రాలుతుంటే వాటి చోట కొత్తవి వస్తుంటాయి, ఈలోగా పక్షి ఎగురుతూనే ఉంటుంది, వేటాడుతూనే ఉంటుంది. ఇప్పుడు కీర్తన 103:5 తీసి, "పక్షిరాజు యౌవనమువలె నీ యౌవనము క్రొత్తదగుచుండునట్లు" అన్న మాటను దీని పక్కన పెట్టి చదవండి. ఆ కథలో చెప్పినట్టు కొండ మీద నూటయాభై రోజుల ఏకాంతం ఏ ఇల్లాలికి దొరుకుతుంది? వంట చేస్తూ, పిల్లల్ని స్కూలుకు పంపుతూ, ఒక్కో ఈక మారడం అయితే ఆ పాతిక మందికీ తెలిసిన బతుకే. నిజం చెప్పి ఉంటే ఆ గురువారం ఇంకా బాగుండేది.

ఇదే కోవలోవి మరికొన్ని మీ నోట్సులో ఉంటాయి, తీసెయ్యండి. ఒంటె సూదిబెజ్జంలో దూరడం గురించి యేసు అన్న మాటను విడమరుస్తూ, సూదిబెజ్జం అనే చిన్న ద్వారం యెరూషలేములో ఉండేదని, ఒంటె మోకాళ్ల మీద దూరేదని చెప్పేదానికి ఆధారం లేదు. తప్పిపోయే గొఱ్ఱెపిల్ల కాలు కాపరే విరగ్గొడతాడన్నది బైబిల్లో ఎక్కడా లేదు. నీళ్లు మెల్లగా వేడెక్కితే కప్ప తెలియక ఉడికిపోతుందన్నదీ నిజం కాదు, వేడి తగిలితే దూకేస్తుంది.

సరిగ్గా చూడటం అంటే ఏమిటో మీ ఇడ్లీపిండితోనే చూద్దాం, ఎలాగూ అది రుబ్బుతూనే ఉత్తరం రాసినట్టున్నారు. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ. పప్పు నాలుగు గంటలు నానబెట్టి రుబ్బి, రవ్వ పిండి చేత్తో కలిపి మూతపెడతారు. వేసవిలో ఏడెనిమిది గంటల్లో పొంగుతుంది, డిసెంబరులో పన్నెండు గంటలైనా ఒక్కోసారి కదలదు. మీరు అందులో పులుపు ఏదీ వేయలేదు. పులియబెట్టే సూక్ష్మజీవులు పప్పుతో, రవ్వతోనే వస్తాయి, వెచ్చదనం దొరికితే పని మొదలుపెడతాయి. మత్తయి 13:33లో స్త్రీ చేసింది అది కాదు. ఆమె పాత పులిసిన పిండి ముద్దను తెచ్చి కొత్త పిండిలో దాచింది, మనం పాలల్లో తోడు వేసినట్టు. అంటే ఆ ఉపమానానికి మీ ఇంట్లో దగ్గరగా ఉన్నది పెరుగు గిన్నె, ఇడ్లీపిండి కాదు. బయటి నుంచి వచ్చి లోపలున్నదంతా మార్చేది తోడు. ఈ తేడా చూడకపోతే, దేవుని రాజ్యం మనలో ముందే ఉంది, పైకి రావడమే తరువాయి అని చెప్పేస్తాం, యేసు చెప్పింది వేరే అయినా.

ఇంకాస్త దగ్గరికి వెళ్లండి. "మూడు కుంచముల పిండి" అని ఉంది. మన కుంచంతో లెక్కేయకండి, అక్కడి కొలత ఒక్కోటి సుమారు 12, 13 లీటర్లు. మూడు కలిస్తే 36 నుంచి 39 లీటర్లు, వంద మందికి పైగా సరిపోయే రొట్టె. ఇది ఒక ఇంటి పూట వంట కాదు, పెళ్లివంట. అబ్రాహాము ఇంటికి ముగ్గురు వచ్చినప్పుడు అతని భార్య శారా పిసికింది కూడా ఈ కొలతే. మన తెలుగు బైబిల్లో అక్కడ "మూడు మానికలు" అని, ఇక్కడ "మూడు కుంచములు" అని ఉండటంతో ఆ పోలిక కనపడకుండా పోయింది. పిండి కలిపిన చేతులున్న ఆడవాళ్లకు ఈ లెక్క చెప్పి, అంత పిండి ఒక్క మనిషి కలిపితే భుజాలు ఎలా ఉంటాయో అడగండి. పాఠం మీరు చెప్పనక్కర్లేదు, వాళ్లే మాట్లాడతారు. జాగ్రత్త ఒకటి ఉంది. యూదుల పస్కా పండుగకు ఇంట్లో పులిసినది ఉండకూడదన్నారు, పరిసయ్యుల పులిసిన పిండిని గూర్చి జాగ్రత్తపడమన్నారు, పౌలు కొరింథీయులకు పాత పులిసిన పిండి తీసిపారేయమన్నాడు. ఒకే వస్తువు ఒకచోట రాజ్యం, ఇంకోచోట చెడుగు. కిందటిసారి చెప్పినదానికి విరుద్ధంగా ఉందే అని ఎవరైనా అడిగితే తడబడకుండా, ఏ భాగం చదువుతున్నారో ఆ భాగంలోనే దాని అర్థం ఉందని ముందే చెప్పండి.

ఉప్పూ అంతే. డబ్బాలో ఉప్పు ఏళ్ల తరబడి ఉన్నా చప్పబడదు, మరి "ఉప్పు నిస్సారమైతే" అని ఎందుకన్నాడు? మృతసముద్రం ఒడ్డున దొరికే ఉప్పులో జిప్సం లాంటి ఇతర ఖనిజాలు కలిసి ఉండేవి. తేమకు ఉప్పు కరిగి జారిపోతే తెల్లగా కనిపించే మడ్డి మిగిలేదన్నది పండితులు చెప్పే ఒక వివరణ. చూడటానికి ఉప్పే, నాలుక మీద పెడితే ఏమీ లేదు. వానాకాలం గోనెసంచిలో కల్లుప్పు నీరు కారడం చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇలా చూడటం అలవాటు కావడానికి ఒక రెండొందల పేజీల నోటుబుక్కు చాలు. రోజుకు ఒక్క విషయం, ఎడమ పేజీలో మూడు నాలుగు వాక్యాలు. కళ్లతో, చేత్తో, ముక్కుతో తెలిసినది మాత్రమే. "పాలు పొంగాయి. నేను ఫోన్ చూస్తున్నాను. స్టవ్ చుట్టూ మాడిన వాసన." కుడి పేజీ ఖాళీగా వదలండి, ఆ రోజు అక్కడ వచనం రాయకండి. రాత్రి పడుకునేముందు ఆ నాలుగు వాక్యాలు దేవుని ముందు చదువుకోండి, అడగాల్సింది అడగండి, కృతజ్ఞత చెప్పాలనిపిస్తే చెప్పండి. పదిహేను రోజుల తర్వాత వెనక్కి తిప్పితే చాలావాటి ఎదుట కుడి పేజీ ఖాళీగానే ఉంటుంది. ఉండనివ్వండి. అన్నీ గురువారానికి పనికొచ్చేవి కావు. మొదటి పది రోజులు చేతికి వచనం రాయాలని దురద పుడుతుంది, అదే మీకు పట్టుకున్న అలవాటు.

ఈ నోటుబుక్కులోకి మీ లేసు ఎందుకు రాలేదో నాకు ఆశ్చర్యంగా ఉంది. ఉత్తరంలో "దేవుడు మన జీవితాన్ని అల్లుతాడు" అని ఒకసారి చెప్పానన్నారు. అది లేసు ముట్టుకోనివాళ్లు కూడా చెప్పే మాట. చేతికి కొక్కెం సూది తీసుకుని చూడండి. మూడు వరసల కింద ఒక కన్ను తప్పితే, పైన ఎంత చక్కగా అల్లినా పువ్వు వంకరే. తప్పిన చోటిదాకా విప్పాల్సిందే. దారం పోదు, కానీ విప్పిన దారం తిన్నగా ఉండదు, మెలికలు మెలికలుగా ఉంటుంది, మళ్లీ అల్లేటప్పుడు వేలికి తెలుస్తుంది. తోడికోడలి దగ్గరికి వెళ్లేముందు ఒకసారి ఇది మీకోసం చేసి చూసుకోండి, కూడిక కోసం కాదు.

లేసులో ఇంకో పాఠం ఉంది, అది తియ్యగా ఉండదు. మీ ప్రాంతానికి ఈ పని 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారానే వచ్చింది. కూడికలో సగం మంది అల్లేవాళ్లే అయి ఉంటారు. పువ్వుకు ఎంత ఇస్తున్నారు, లెక్కలో ఎంత కోస్తున్నారు అని యాకోబు 5:4 ఎదురుగా పెట్టుకుని అడిగితే, బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టడం అంటే ఏమిటో ఆ గదిలో బాగా తెలుస్తుంది. దారం ఇచ్చి సరుకు తీసుకునే ఏజెంటు కూడా అదే కూడికలో కూర్చుంటే గొడవ అవుతుంది, మీకు వచ్చే పని కూడా తగ్గొచ్చు. చెప్పాలో లేదో మీరు ఆలోచించుకోండి. నిత్యజీవితంలో దొరికే పాఠాలన్నీ ఫోన్లో పంపుకునేంత హాయిగా ఉండవు.

అబ్బాయి విషయం మీరు భయపడుతున్నంత పెద్దది కాదు. ద్వితీయోపదేశకాండము 6:7 పట్టుకుని, ఇంట్లో కూర్చున్నా త్రోవలో నడిచినా చెప్పమన్నాడు కదా అని మీరు అనొచ్చు. అదే అధ్యాయం 20వ వచనం దాకా చదవండి, "ఇకమీదట నీ కుమారుడు" అడిగినప్పుడు జవాబిమ్మని ఉంది. అడిగే ఖాళీ వాడికి మీరు ఇవ్వడం లేదు. ఒక నెల రోజులు వాడు అడగందే ఏ సంఘటనకూ అర్థం చెప్పకండి. బండి పంక్చరైతే షాపు దాకా తోయడానికి ఓ చెయ్యి వేయండి. మొదటి వారం వాడు మీకు ఒంట్లో బాగాలేదేమో అనుకుంటాడు. వాడు బైపీసీ కాబట్టి ఇంకో పని కూడా అప్పజెప్పొచ్చు. గురువారం చెప్పబోయేదాంట్లో పక్షులు, మొక్కలు, ఒంట్లో అవయవాల గురించి ఏముంటే అది వాడికి చూపించి "ఇది నిజమేనా చూసి చెప్పరా" అనండి. వాడు ఎగతాళి చేసే ప్రమాదం ఉంది, సగం కొట్టేసే ప్రమాదమూ ఉంది. కొట్టేస్తే వాడి ముందే తీసెయ్యండి.

ఇక మానెయ్యాలా అన్నది. మూడు నెలలు ఆపితే పిండి రుబ్బేటప్పుడు గురువారం గుర్తురావడం తగ్గుతుంది. కానీ ఇప్పుడు ఆపితే టీచరు మాటకు అలిగారని ఊళ్లో అనుకుంటారు, తిరిగి వచ్చేసరికి ఆ చోటు ఇంకొకరిది కావొచ్చు. ప్రతివారం మీరే చెబుతూ, పద్ధతి మార్చి లూకా సువార్త వరసగా తీసుకునే దారి ఉంది. వస్తువు కోసం వెతుకులాట పోతుంది, వచ్చిన భాగంలో చీపురుంటే చీపురు, లేకపోతే లేదు. దానికి వారానికి మూడు నాలుగు గంటలు చదవాలి, మెప్పు తగ్గుతుంది. నలుగురు కలిసి నెలకు ఒక్కో వారం పంచుకోవడం ఇంకొకటి. మాట తీరు కొన్నాళ్లు గతుకులుగా ఉంటుంది, ఎవరో ఒకరు మళ్లీ డేగను కొండెక్కిస్తారు, కాబట్టి నెలకోసారి నలుగురూ కూర్చుని ముందే చెప్పుకోవాలి. అయినా నా మొగ్గు దీనివైపే, ఆ టీచరును నలుగురిలో ఒకరిగా పిలవమని కూడా అంటాను.

ఒక తేదీ మాత్రం నోటుబుక్కు వెనక అట్ట మీద ఇప్పుడే రాసుకోండి. జూన్‌లో ఐదు నెలలు నిండాయంటే అక్టోబరులో ఆ ఇంట్లో ఊయల కట్టాల్సింది. ఆ నెలలో ఊరంతా ఆమె సంగతి మర్చిపోయి ఉంటుంది, ఆమె ఒక్కతే రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఆ రోజుల్లో ఒక పూట క్యారియరులో ఆమెకు ఇష్టమైన కూర పెట్టి గుమ్మంలో ఇచ్చి రండి. పైన వచనం రాసిన కాగితం పెట్టకండి. క్యారియరు తిరిగి రాకపోతే అడగకండి.